లైసెన్స్ ఉన్న పిస్టల్‌తో అమెరికాలో రాష్ట్రం దాటడం ఎలా

డ్రైవింగ్ లైసెన్స్ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తీసుకున్నారా, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తీసుకున్నారా అని ఏ రాష్ట్రం పోలీసూ పట్టించుకోడు. తుపాకీ లైసెన్స్ సంగతి వేరు. టెక్సస్ ప్రజా భద్రతా శాఖ (డీపీఎస్) తుపాకీ వెంట తీసుకెళ్ళడానికి ఇచ్చే ఎల్‌టీసీ కార్డు (2016 జనవరి దాకా దీన్నే సీహెచ్ఎల్ అనేవారు) ఒక్లహామాలో చెల్లుతుంది, న్యూజెర్సీలో చెల్లదు. అదే పిస్టల్ అలాగే నడుముకు పెట్టుకుని న్యూజెర్సీలో అడుగుపెడితే సెకండ్ డిగ్రీ నేరం. శిక్ష 5 నుంచి 10 ఏళ్ళు, అందులో కనీసం 42 నెలలు పెరోల్ లేకుండా లోపలే ఉండాలి. మిమ్మల్ని ఏ రాష్ట్రం నమ్మి కార్డు ఇచ్చింది అన్నదానితో అక్కడి జడ్జికి పనిలేదు.

2022 జూన్‌లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు ఇచ్చాక దేశమంతా ఒకే లైసెన్స్ అయిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. అది పొరపాటు. లైసెన్స్ అడిగినవాళ్ళను 'నీకు ప్రత్యేకమైన అవసరం ఏముంది' అని నిలదీసి తిప్పిపంపకూడదని ఆ తీర్పు చెప్పింది. పక్క రాష్ట్రం కార్డును గౌరవించి తీరాలని మాత్రం చెప్పలేదు. అలా గౌరవించాలనే బిల్లు 2017 డిసెంబర్‌లో ప్రతినిధుల సభలో నెగ్గినా సెనేట్ దాటలేదు.

ముందు వీసా, తర్వాతే తుపాకీ

మనవాళ్ళకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే కాబట్టి ముందే చెబుతున్నాం. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బి-2, ఏ నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నా ఫెడరల్ చట్టం 922(జి)(5) ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. దీనికి మినహాయింపులు కొన్నే. ఎక్కువమంది వాడుకునేది హంటింగ్ లైసెన్స్: ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ పేరు మీద ఉంటే నిషేధం వర్తించదు. అది గడువు దాటిన మర్నాడే నిషేధం మళ్ళీ మొదలవుతుంది. బీరువాలో ఉన్న పిస్టల్ అప్పుడు నేరమవుతుంది. ఈ మినహాయింపును ఆధారం చేసుకుని రాష్ట్రాలు దాటి ప్రయాణాలు పెట్టుకోవద్దని మా సలహా. ఒక కాగితం గడువు తేదీ మీద మొత్తం వలస జీవితాన్ని నిలబెట్టడం అవుతుంది.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు సిటిజన్లలాగే తుపాకీ కొనుక్కోవచ్చు, ఉంచుకోవచ్చు. కానీ ఇమిగ్రేషన్ చట్టంలో ఒక ప్రత్యేక నిబంధన ఉంది: ఏ తుపాకీ చట్టం కింద శిక్ష పడినా అది దేశం నుంచి పంపేయడానికి కారణం కావచ్చు. సిటిజన్‌కు జరిమానాతో పోయే కేసు గ్రీన్‌కార్డు హోల్డర్‌కు ఇల్లు, ఉద్యోగం ఊడ్చుకుపోయే కేసు అవుతుంది. కాబట్టి కింద 'అనుమానముంది' అని మేము రాసిన ప్రతిచోటా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు దాన్ని 'వద్దు' అని చదువుకోవాలి.

ఒకే ఇంట్లో ఒకరు సిటిజన్, ఇంకొకరు వీసా మీద ఉంటే పెట్టె తాళం, నంబర్ వీసా ఉన్నవాళ్ళకు తెలియకూడదు. చేతిలో పట్టుకోకపోయినా, తీసుకోగల వీలు, ఉద్దేశం ఉంటే చాలు, దాన్ని చట్టం స్వాధీనంగానే చూస్తుంది. 'నేను గ్యాస్ కొట్టిస్తున్నాను, కాస్త ఆ పెట్టె నీ కాళ్ళ దగ్గర పెట్టుకో' అని భార్యతోనో తమ్ముడితోనో అనకండి.

మూడు రకాల రాష్ట్రాలు

దారిలో వచ్చే ప్రతి రాష్ట్రాన్నీ మూడింట్లో ఒక గంపలో వేయండి. మొదటి గంప: లైసెన్స్ అక్కర్లేకుండానే పిస్టల్ దాచి తీసుకెళ్ళనిచ్చేవి. 2024లో సౌత్ కరోలినా, లూసియానా చేరాక ఇవి 29 అయ్యాయి. టెక్సస్ 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇందులో ఉంది. రెండో గంప: లైసెన్స్ కావాలి గానీ మీ రాష్ట్రం కార్డును ఒప్పుకునేవి. మూడోది: బయటి కార్డు దేన్నీ ఒప్పుకోనివి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మేరీలాండ్, మసాచుసెట్స్, కనెక్టికట్, రోడ్ ఐలండ్, ఇల్లినాయి, ఓరెగాన్, హవాయి, వీటితోపాటు వాషింగ్టన్ డీసీ.

రెండో గంపలో ఒక మెలిక ఉంది. కొలరాడో, మిషిగన్ లాంటివి మీరు నివసించే రాష్ట్రం ఇచ్చిన కార్డునే ఒప్పుకుంటాయి. యూటా నుంచి తెప్పించుకున్న నాన్ రెసిడెంట్ కార్డు అక్కడ పనికిరాదు. ప్రాజెక్టు మారినప్పుడల్లా రాష్ట్రం మారే ఐటీ ఉద్యోగులు ఇక్కడే దెబ్బతింటారు. టెక్సస్ కార్డు మీద తేదీ ఇంకా మూడేళ్ళుంది, కానీ మనిషి టెక్సస్‌లో లేడు. కార్డు బతికే ఉన్నా దాని విలువ సగానికి పడిపోయినట్టే.

మొదటి గంప రాష్ట్రాలకు వెళ్తున్నా సొంత లైసెన్స్ తీసుకోవడం దండగ కాదు. రెండో గంప తలుపు తెరిచేది ఆ కార్డే.

మీ కార్డు ఎక్కడ చెల్లుతుందో ఆయా రాష్ట్రాల పోలీసు శాఖ లేదా అటార్నీ జనరల్ వెబ్‌సైట్‌లోనే చూడండి. యాప్‌లు, రంగుల మ్యాపులు దారి గీసుకోవడానికి పనికొస్తాయి, అరెస్టయ్యాక పనికిరావు. ప్రయాణానికి నెల ముందు ఒకసారి, బయలుదేరే వారంలో మరోసారి చూసుకోండి. జనవరి 1, జులై 1 తేదీల్లో చాలా రాష్ట్రాల్లో కొత్త చట్టాలు అమల్లోకి వస్తాయి. ఆ పేజీని ప్రింట్ తీసి కార్డుతోపాటు పెట్టుకోవడం మంచిది.

కార్డు చెల్లే దారి: డల్లాస్ నుంచి డెన్వర్

ఫోర్ట్‌వర్త్ దగ్గర 287 ఎక్కి విచిటా ఫాల్స్, అమరిల్లో మీదుగా డాల్‌హార్ట్, అక్కణ్ణుంచి న్యూమెక్సికోలో క్లేటన్, రేటన్, తర్వాత ఐ-25 మీద కొలరాడో. మూడు రాష్ట్రాలు. టెక్సస్ రెసిడెంట్ ఎల్‌టీసీని న్యూమెక్సికో, కొలరాడో రెండూ ఒప్పుకుంటాయి. అంతా సులువుగా కనిపిస్తుంది గానీ కొలరాడోలో చూసుకోవలసినవి నాలుగున్నాయి.

ఒకటి, మ్యాగజైన్, అంటే పిస్టల్‌లో తూటాలు నింపి పెట్టే గూడు. 15 తూటాలకు మించి పట్టే మ్యాగజైన్‌ను 2013 జులై 1 నుంచి కొలరాడో నిషేధించింది. గ్లాక్ 19 మోడల్ పిస్టల్‌తో వచ్చే మామూలు మ్యాగజైన్ సరిగ్గా 15, సరిపోతుంది. గ్లాక్ 17తో వచ్చేది 17, అది ఇంట్లోనే వదిలేయాలి. అందులో 15 తూటాలే నింపాను అంటే కుదరదు. ఎన్ని పడతాయన్నదే లెక్క, ఎన్ని ఉన్నాయన్నది కాదు.

రెండు, కారులో వదిలి వెళ్ళడం. 2025 జనవరి 1 నుంచి కొలరాడోలో పిస్టల్‌ను మనిషి లేని కారులో వదలాలంటే తాళం వేసిన గట్టి పెట్టెలో, బయటికి కనపడకుండా, కారు కూడా లాక్ చేసి వదలాలి. సీటు కింద పెట్టి తువ్వాలు కప్పడం ఇక చట్టవిరుద్ధం. చట్టం లేకపోయినా అది తెలివితక్కువ పనే, కారు అద్దం పగలగొట్టేవాడు మొదట చెయ్యి పెట్టేది అక్కడే.

మూడు, డెన్వర్ నగరం 2022లో తన పార్కుల్లో, నగర భవనాల్లో తుపాకీని నిషేధించింది. లైసెన్స్ ఉన్నవాళ్ళకీ అది వర్తిస్తుంది. రాష్ట్రం చట్టం ఒక్కటి చూసుకుని ఊరి చట్టం మరిచిపోయేవాళ్ళు ఎక్కువ.

నాలుగు, గంజాయి. కొలరాడోలో దుకాణంలో అమ్ముతారు, రాష్ట్రం చట్టం ఒప్పుకుంటుంది. ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, దాన్ని వాడేవాళ్ళు తుపాకీ ఉంచుకోవడాన్ని 922(జి)(3) నేరంగా చూస్తుంది. కారులో గమ్మీల ప్యాకెట్, పక్కన పిస్టల్ పెట్టె: ఈ రెండూ ఒకే ఫొటోలో ఉండకూడదు.

కార్డు చెల్లని దారి: 926ఏ

మూడో గంప రాష్ట్రాల గుండా దాటాల్సి వస్తే ఉన్న దిక్కు ఒక్కటే, 1986 నాటి ఫెడరల్ చట్టం. దాన్ని ఫోపా (ఫైర్‌ఆర్మ్ ఓనర్స్ ప్రొటెక్షన్ యాక్ట్) అంటారు, అందులో మనకు కావలసింది సెక్షన్ 926ఏ. దాని షరతులు చిన్నవే గానీ ఒక్కటి తప్పినా మొత్తం పోతుంది.

బయలుదేరిన చోట మీరు ఆ తుపాకీ ఉంచుకోవడం, వెంట తీసుకెళ్ళడం రెండూ చట్టబద్ధం కావాలి. చేరే చోట కూడా రెండూ చట్టబద్ధం కావాలి. దారి పొడుగునా తూటాలు తీసేసి ఉండాలి. తుపాకీ గానీ తూటాలు గానీ ప్రయాణికులు కూర్చునే చోటి నుంచి చేతికి అందకూడదు. డిక్కీ విడిగా లేని కారైతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. గ్లోవ్ బాక్స్, కన్సోల్‌కు తాళమున్నా వాటిని పెట్టెగా లెక్కించరు. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే సియెన్నా, ఒడిస్సీ, హైలాండర్ అన్నీ డిక్కీ విడిగా లేని బండ్లే. వాటికి పెట్టె తప్పనిసరి.

ఇప్పుడు ఎక్కువమంది తప్పుచేసే చోటు. 'చేరే చోట చట్టబద్ధం' అన్న ముక్క మళ్ళీ చదవండి. నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచి న్యూహ్యాంప్‌షర్ వెళ్తుంటే దారిలోని న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్‌లను 926ఏ దాటిస్తుంది, ఎందుకంటే చేరే చోట లైసెన్స్ లేకపోయినా ఫర్వాలేదు. అదే ఎడిసన్‌లో అక్కావాళ్ళింటికి వారం రోజులకు వెళ్తుంటే 926ఏ మీకు లేదు. మీ ప్రయాణం న్యూజెర్సీ గుండా కాదు, న్యూజెర్సీకి. నయాగరా చూడ్డానికి బఫెలో వెళ్ళినా అంతే, అది న్యూయార్క్‌కు ప్రయాణం. అలాంటి ప్రయాణంలో పిస్టల్ ఇంట్లోనే ఉండాలి. ఇందులో మధ్యేమార్గం లేదు.

దాటిపోయేటప్పుడు ఆగకుండా పోవాలి. పెట్రోలు, బాత్రూమ్, భోజనం వరకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. హోటల్లో రాత్రి పడుకోవడం, దారిలో ఫ్రెండ్ ఇంట్లో ఒక పూట గడపడం అనుమానమున్న పనులు. బస ఎక్కడ చేయాలో మ్యాప్ మీద ముందే తేల్చుకోవాలి. ఉదాహరణకు షార్లెట్ నుంచి ఉత్తరానికి ఐ-95 పట్టుకుంటే మేరీలాండ్, డెలవేర్, న్యూజెర్సీ, న్యూయార్క్ నగరం అన్నీ తగులుతాయి. ఐ-77 ఎక్కి ఐ-81కి మారితే మేరీలాండ్ హేగర్స్‌టౌన్ దగ్గర సుమారు 12 మైళ్ళే. తర్వాత పెన్సిల్వేనియా పొడుగునా పోయి, స్క్రాంటన్ దగ్గర ఐ-84 ఎక్కితే న్యూజెర్సీని అసలు ముట్టకుండా న్యూయార్క్‌లో పోర్ట్ జెర్విస్, న్యూబర్గ్ మీదుగా కనెక్టికట్ చేరతారు. కాస్త చుట్టే. స్క్రాంటన్‌లో రాత్రి పడుకుని పొద్దున్నే బయలుదేరితే మిగతా మూడు రాష్ట్రాలూ ఒక్క పగటిలో దాటేయొచ్చు.

ఇంకో రెండు కంతలున్నాయి. 926ఏ 'ఫైర్‌ఆర్మ్' అంటుంది, తూటాలు అందకూడదంటుంది, మ్యాగజైన్ ఎంతది అన్న ఊసెత్తదు. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్, మసాచుసెట్స్ అన్నిటా హద్దు 10. ఆ దారిలో వెళ్ళేటప్పుడు 10 తూటాల మ్యాగజైన్లు మాత్రమే తీసుకెళ్ళండి. న్యూజెర్సీలో హాలో పాయింట్ (మొన గుంటగా ఉండే) తూటాలకు వేరే ఆంక్షలున్నాయి, ఇల్లు, రేంజ్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప దగ్గర ఉంచుకోవడమే నేరం. ఆ దారికి మామూలు ఎఫ్ఎంజే (పూర్తి లోహపు తొడుగున్న) తూటాలు చాలు.

రెండోది న్యూయార్క్ భాష. అక్కడి శిక్షాస్మృతిలో 'లోడెడ్' అంటే తుపాకీలో తూటా ఉండటం ఒక్కటే కాదు. తుపాకీ, దానికి పనికొచ్చే తూటాలు ఒకే మనిషి దగ్గర ఉంటే చాలు, లోడెడ్ కిందే లెక్క. మీరు రెండింటినీ వేర్వేరు పెట్టెల్లో తాళం వేసి పెట్టినా, 926ఏ రక్షణ జారిపోయిన క్షణాన అది లోడెడ్ తుపాకీ కేసు అవుతుంది. అందుకే న్యూయార్క్ దాటేటప్పుడు తూటాలు అసలు తీసుకెళ్ళకుండా, చేరిన ఊళ్ళో కొనుక్కోవడమే సుఖం. ఒక డబ్బా తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఇల్లినాయిది ప్రత్యేకమైన పద్ధతి. బయటి కార్డును ఒప్పుకోదు గానీ, సొంత రాష్ట్రంలో దాచి తీసుకెళ్ళే హక్కున్న బయటివాళ్ళు పిస్టల్‌ను కారులో ఉంచుకోనిస్తుంది. కారు దిగేటప్పుడు మాత్రం దాన్ని కారులోనే తాళం వేసి వదలాలి. అరోరా బాలాజీ గుడికి వెళ్ళి పార్కింగ్‌లో జాకెట్ కింద పెట్టుకుని దిగారంటే ఆ వెసులుబాటు పోయింది.

ఖాళీ చేయడం, పెట్టెలో పెట్టడం

ఈ పని ఇంట్లో, బయలుదేరే ముందు చేయాలి. స్టేట్ లైన్ దగ్గర రెస్ట్ ఏరియాలో, పక్క కారులో పిల్లలు చూస్తుండగా పిస్టల్ తీసి స్లైడ్ (వెనక్కు జరిగే పైభాగం) లాగడం అంటే పోలీసును పిలిపించుకోవడమే.

గొట్టం మనుషులు లేని వైపు, గట్టి గోడ లేదా నేల వైపు తిప్పండి. వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు. ముందు మ్యాగజైన్ తీయండి. తర్వాతే స్లైడ్ వెనక్కు లాగండి, రెండు మూడు సార్లు. ఈ వరుస తారుమారైతే, అంటే స్లైడ్ ముందు లాగి మ్యాగజైన్ తర్వాత తీస్తే, ఒక తూటా బయట పడుతుంది, ఇంకొకటి చాంబర్‌లోకి, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటికి ఎక్కుతుంది. 'ఖాళీ' అనుకున్న తుపాకీ పేలేది ఎక్కువగా ఇలాగే. స్లైడ్‌ను వెనక్కు లాక్ చేసి చాంబర్‌ను కళ్ళతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. రంగు ప్లాస్టిక్ చాంబర్ ఫ్లాగ్ ఒకటి పెడితే పోలీసు పెట్టె తెరిచినా ఒక్క చూపులో తెలుస్తుంది.

మ్యాగజైన్లలోని తూటాలు కూడా తీసేసి కొన్న అట్టపెట్టెలోనే పేర్చండి. చాలా రాష్ట్రాలకు ఇది అక్కర్లేదు, కానీ నింపిన మ్యాగజైన్‌ను వేరుగా చూసే చోట్లుంటాయి. పది నిమిషాల పనితో పోయే తలనొప్పి అది.

పెట్టెలు రెండు కావాలి, ఒకటి తుపాకీకి, ఒకటి తూటాలకు. తుపాకీది ఉక్కుది గానీ గట్టి ప్లాస్టిక్‌ది గానీ అయ్యుండాలి. గుడ్డ సంచికి తాళం వేసినా కొన్నిచోట్ల ఒప్పుకోరు. పెట్టెను ఉక్కు కేబుల్‌తో వెనక సీటు ఫ్రేమ్‌కో డిక్కీలోని కొక్కేనికో కట్టేయండి. తాళం ఎంత మంచిదైనా కట్టని పెట్టెను దొంగ పెట్టెతో సహా పట్టుకుపోతాడు. మూడో వరస సీట్లున్న బండిలో అక్కడ ఎవరైనా కూర్చుంటే వెనక ఖాళీ వాళ్ళ చేతికి అందుతుంది, కాబట్టి పెట్టె మీద పెట్టెలు, సామాన్లు అడ్డంగా పేర్చండి. తాళంచెవులు కారు తాళాల గుత్తిలో కాకుండా వేరుగా ఉంచండి.

బడి పక్కనుంచి పోతే

చాలామందికి తెలియని ఫెడరల్ చట్టం ఒకటుంది. బడి చుట్టూ 1000 అడుగుల్లో తుపాకీతో ఉండటం నేరం. లైసెన్స్ ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది, కానీ ఆ లైసెన్స్ 'బడి ఉన్న రాష్ట్రం' ఇచ్చినదై ఉండాలి. ఒక రాష్ట్రం మీ కార్డును ఒప్పుకోవడం వేరు, తానే ఇవ్వడం వేరు అని తుపాకీల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వాదన. లైసెన్స్ అక్కర్లేని రాష్ట్రాల్లో లైసెన్స్ లేకుండా తిరిగేవాళ్ళకూ ఇదే చిక్కు. ఏ ఊరి మధ్యనుంచి పోయినా 1000 అడుగుల్లో ఏదో ఒక బడి ఉండనే ఉంటుంది. తూటాలు తీసి, తాళం వేసిన పెట్టెలో ఉంటే ఈ చట్టం వర్తించదు. కార్డు చెల్లే రాష్ట్రంలోనైనా ఊళ్ళోకి దిగేటప్పుడు పెట్టెలో పెట్టడం మంచిదనడానికి ఇదే కారణం.

పోలీసు ఆపితే

అడగకముందే చెప్పాలా వద్దా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మిషిగన్, నార్త్ కరోలినా, నెబ్రాస్కా లాంటి చోట్ల మీరే చెప్పాలి. టెక్సస్‌లో ఐడీ అడిగినప్పుడు ఎల్‌టీసీ కూడా కలిపి చూపించాలి. నడుముకు ఉంటే ఎక్కడైనా ముందే చెప్పేయడం మా మాట. కారు పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, రాత్రయితే లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనపడేలా పెట్టండి. 'నా దగ్గర లైసెన్స్ ఉంది, పిస్టల్ కుడి నడుముకు ఉంది, ఏం చేయమంటారో చెప్పండి.' వాక్యం లైసెన్స్‌తో మొదలవ్వాలి, 'గన్' అన్న మాటతో కాదు. అతను చెప్పేదాకా చేతులు కదపొద్దు. పర్సు ప్యాంటు వెనక జేబులో, పిస్టల్ అదే వైపు ఉంటే చాలా ఇబ్బంది, ప్రయాణంలో కార్డులు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోండి. వెనక కూర్చున్న అమ్మానాన్నలు కంగారుపడి తెలుగులో గట్టిగా మాట్లాడకుండా ముందే చెప్పి ఉంచండి.

మూడో గంప రాష్ట్రంలో, తుపాకీ పెట్టెలో తాళం వేసి ఉండి, చెప్పాలనే చట్టం లేకపోతే, అడగనిదే చెప్పక్కర్లేదు. అడిగితే మాత్రం అబద్ధం చెప్పకూడదు. కారు వెతకడానికి అనుమతి అడిగితే మర్యాదగా వద్దనే హక్కు మీకుంది. వినకుండా వెతికితే అడ్డుపడకండి, ఆ సంగతి లాయరు చూసుకుంటాడు. 2013లో ఫిలడెల్ఫియా మహిళ ఒకరు న్యూజెర్సీలో పోలీసు ఆపితే తన పెన్సిల్వేనియా లైసెన్స్ చూపించి, పిస్టల్ ఉందని తనే చెప్పింది. కార్డు చెల్లుతుందనే నమ్మకంతో చెప్పిన ఆ మాటకు అరెస్టయింది. చివరికి 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెడితే గానీ బయటపడలేదు.

విమానంలో

పిస్టల్ చెక్-ఇన్ సామానులోనే వెళ్ళాలి. తూటాలు తీసి, గట్టి పెట్టెలో పెట్టి తాళం వేసి, టికెట్ కౌంటర్‌లో 'అన్‌లోడెడ్ ఫైర్‌ఆర్మ్ డిక్లేర్ చేయాలి' అని చెప్పాలి. ఒక కార్డు మీద సంతకం పెట్టిస్తారు, దాన్ని పెట్టె దగ్గరే ఉంచుతారు. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. స్కాన్ అయ్యేదాకా పావుగంటో ఇరవై నిమిషాలో కౌంటర్ దగ్గరే ఉండండి, తెరిచి చూడాలంటే పిలుస్తారు.

పెట్టె తిప్పిపంపడానికి సాధారణ కారణం మూల ఎత్తితే సందు రావడం. తాళానికి రెండు రంధ్రాలుంటే రెండిటికీ తాళాలు వేయండి. తూటాలు అట్ట, చెక్క, ప్లాస్టిక్ లేదా లోహపు పెట్టెలో ఉండాలి, సంచిలో విడిగా పోయకూడదు. చాలా ఎయిర్‌లైన్స్ హద్దు 11 పౌండ్లు, అంటే 5 కిలోలు. ఖాళీ మ్యాగజైన్ కూడా చేతి సంచిలో వెళ్ళకూడదు. 2023లో చెకింగ్ దగ్గర విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్ఏ 6,737 తుపాకులు పట్టుకుంది, నూటికి తొంభైకి పైగా లోడెడ్. అందరూ చెప్పే మాట ఒకటే: సంచిలో ఉందని మరిచిపోయాను. జరిమానా వేల డాలర్లలో ఉంటుంది, ప్రీచెక్ (తనిఖీ త్వరగా ముగిసే సౌకర్యం) కూడా పోతుంది.

న్యూవార్క్, జేఎఫ్‌కే, లగార్డియాలలో కనెక్షన్ పెట్టుకోకండి. 2005లో యూటా నుంచి వచ్చిన ప్రయాణికుడు న్యూవార్క్‌లో కనెక్షన్ తప్పిపోయి, సామాను చేతికి తీసుకుని హోటల్లో రాత్రి పడుకున్నాడు. మర్నాడు కౌంటర్‌లో నిజాయితీగా డిక్లేర్ చేస్తే అరెస్టు చేశారు. హోటల్లో తుపాకీ అతని చేతికి అందే స్థితిలో ఉంది కాబట్టి 926ఏ వర్తించదని 2010లో మూడో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు తేల్చింది. మీ విమానం అలా దారి మళ్ళితే, బెల్టు మీద సంచి వచ్చినా ముట్టుకోవద్దు. ఎయిర్‌లైన్ వాళ్ళకో ఎయిర్‌పోర్ట్ పోలీసుకో చెప్పి, మీ ఊరి విమానం దాకా వాళ్ళ దగ్గరే ఉంచమనండి. ఆ తీర్పులోనే ఈ దారి కూడా సూచించారు.

ఆమ్‌ట్రాక్‌లో 24 గంటల ముందు ఫోన్ చేసి చెప్పి, సామాను చెక్-ఇన్ ఉన్న స్టేషన్ల మధ్యే తీసుకెళ్ళొచ్చు. గ్రేహౌండ్ బస్సులో అసలు కుదరదు.

దిగిన చోట

పోస్టాఫీసు ఆవరణలో పార్కింగ్‌తో సహా నిషేధం. దీని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి, ఆ వాదనకు మీ కేసు కలపనక్కర్లేదు. నేషనల్ పార్కుల్లో 2010 ఫిబ్రవరి నుంచి ఆ రాష్ట్రం చట్టమే నడుస్తుంది గానీ విజిటర్ సెంటర్ లోపలికి తీసుకెళ్ళకూడదు. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ చెరువుల దగ్గర ఫెడరల్ నియమం వేరు. డల్లాస్ మనవాళ్ళు పిక్నిక్కులకు పోయే లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, టెక్సోమా చెరువులు ఆ కోవలోవే. తెగల భూముల్లో తెగల చట్టం: ఐ-35 మీద ఒక్లహామా గీత దాటగానే కనిపించే కాసినో, న్యూమెక్సికోలో ఐ-40 దాటే ప్యూబ్లోలు. అక్కడ మీ కార్డు పక్కన పెట్టండి, తుపాకీ పెట్టెలో పెట్టండి.

గుడి సంగతి రాష్ట్రానికో తీరు. ఒహాయోలో గుడి యాజమాన్యం ఒప్పుకుంటే తప్ప లోపలికి తీసుకెళ్ళడం నిషేధం. కమిటీకి ఫోన్ చేసి అడగడం నామోషీ అనుకుంటే కారులో పెట్టెలో వదిలి వెళ్ళండి. టెక్సస్‌లో ఎల్‌టీసీ ఉన్నవాళ్ళను ఆపేవి 30.06 (దాచిన పిస్టల్ వద్దు), 30.07 (పైకి కనిపించే పిస్టల్ వద్దు) బోర్డులు, బార్ల దగ్గర ఎర్రటి 51 శాతం గుర్తు. ఇల్లినాయిలో తుపాకీ వద్దనే బోర్డు 4 అంగుళాలకు 6 అంగుళాలంతే, వెతికితే గానీ కనపడదు.

పక్క రాష్ట్రంలో ఉన్న ఫ్రెండ్ తన పిస్టల్ మీకు అమ్మినా, ఊరికే ఇచ్చినా నేరుగా తీసుకోకూడదు. మీ రాష్ట్రంలోని లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే రావాలి.

దేశం సరిహద్దు

కెనడా వైపు నయాగరా బాగుంటుందని బఫెలోలో వంతెన ఎక్కేస్తారు, శాన్ డియెగోలో చివరి ఎగ్జిట్ తప్పి మెక్సికోలోకి వెళ్ళిపోతారు. రెండు దేశాల్లోనూ అమెరికా లైసెన్స్ చిత్తుకాగితం. మెక్సికోలో ఒక్క తూటా దొరికినా జైలుకు వెళ్ళే ప్రమాదముంది. అటు వెళ్ళే అవకాశమున్న ప్రయాణమైతే పిస్టల్ ఇంట్లో పెట్టడంతో పాటు కారు సీట్ల కింద, కప్ హోల్డర్లలో జారిపడిన తూటాలేమైనా ఉన్నాయేమో టార్చి వేసి చూడండి.

హైదరాబాద్ విమానానికీ అదే జాగ్రత్త. రేంజ్‌కు వాడిన బ్యాక్‌ప్యాక్‌ను ఇండియా ప్రయాణానికి తీయకండి. అడుగు జేబులో మిగిలిన ఒక్క తూటా అమెరికాలో స్కానర్‌కు దొరక్కపోయినా, తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో దొరకొచ్చు. అక్కడ లైసెన్స్ లేని తూటా అంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు. తెలియక ఉండిపోయిందని తేల్చుకోవడానికి కోర్టు దాకా వెళ్ళాలి, ఈలోపు సెలవు అయిపోతుంది, వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ దాటిపోతుంది. రేంజ్ సంచికి ఎర్ర రిబ్బన్ కట్టి గరాజ్‌లో విడిగా తగిలించండి.